అటక మీదికా... భోగి మంటలోకా?

సంక్రాంతి పది రోజులుందనగా ఇల్లు దులపడం మొదలవుతుంది. అటక మీది సామానంతా వాకిట్లోకి దిగుతుంది. కాలు విరిగిన కుర్చీ, చిరిగిన చాప, చివికిపోయిన చేట... భోగి మంటకి ఇక కట్టెలు కొననక్కర్లేదని పిల్లలు సంబరపడేలోపు ఇంటి పెద్దాయన వస్తారు. కుప్పలోంచి ఓ చెక్కపెట్టెని పక్కకి లాగుతారు. 'ఇది మా నాన్నగారిది. పైన పెట్టేయండి' అంటారు. దాంట్లో ఏముందో ఎవరికీ తెలీదు. అయినా ఎదురు చెప్పరు. పెట్టె మళ్లీ అటకెక్కుతుంది.

ఏటా ఇంత హడావుడి జరిగే ఇంట్లోనూ ఎవరూ దులపని మూల ఒకటుంది. అది కంప్యూటర్. 'డి' డ్రైవ్ తెరిచి చూస్తే తెలుస్తుంది. 'న్యూ ఫోల్డర్', దాని పక్కన 'న్యూ ఫోల్డర్ 2', 'ఫైనల్', 'ఫైనల్ ఫైనల్', 'నాన్న పాత ఫోన్', 'అర్జెంట్ - తర్వాత చూడాలి'. ఆ తర్వాత అనేది పదేళ్ల కిందటి మాట! అయినా ఎవరూ దాని జోలికి వెళ్లరు. డ్రైవ్ బొమ్మ కింద నీలంగా ఉండాల్సిన గీత ఎర్రబడినప్పుడే, అంటే జాగా అయిపోయినప్పుడే గుర్తుకొస్తుంది. అప్పుడు ఎవరో ఒకరు కూర్చుని, అరగంటలో విసుగొచ్చి, పెద్దగా కనిపించిన ఫోల్డర్‌ని పట్టుకుని తీసేస్తారు. అందులో ఏముందన్నది మరుసటి ఏడాది ఎవరి పెళ్లి రోజుకో తెలుస్తుంది.

డీటీపీ సెంటర్ల వాళ్లదైతే మరీ పెద్ద కథ. ఏ ఊళ్లో ఏ డీటీపీ షాపుకి వెళ్లినా రెండు దశాబ్దాల పని ఆ డిస్కుల్లోనే ఉంటుంది. పెళ్లి శుభలేఖలు, కరపత్రాలు, గుడి జీర్ణోద్ధరణ ఆహ్వానాలు, సొంత ఖర్చుతో వేసుకున్న కవితా సంపుటాలు, ఊరి చరిత్రలు. తీసుకెళ్లినవాళ్లు మళ్లీ రారనుకుంటే పొరపాటు. పదిహేనేళ్ల తర్వాత ఒకాయన వచ్చి 'బాబూ, మా నాన్నగారి పుస్తకం ఇక్కడే టైపు చేయించాం. రెండో ముద్రణ వేద్దామని...' అంటే వెతకాలి. డిస్కులో వెతకాలా, పాత సీడీల డబ్బాలో వెతకాలా, ఎప్పుడో మూలపడ్డ సీపీయూలో వెతకాలా?

ఈ వెతుకులాటని, సర్దుబాటుని కంప్యూటర్ చేతే చేయించే ఉపాయం ఉంది. దాని పేరు స్క్రిప్టు. పెద్ద సాఫ్ట్‌వేర్ ఏమీ కాదు, కొనాల్సిన పనీ లేదు. పది పదిహేను వరసల ఆదేశాలు నోట్‌ప్యాడ్‌లో రాసి పెట్టుకోవడమే. కిరాణా కొట్టుకి చీటీ రాసి పంపినట్టే. 'ఈ డ్రైవ్ అంతా తిరుగు. మూడేళ్ల నుంచి మారని ఫైళ్లేవో చూడు. వాటి పేర్లు, సైజు, తేదీ ఓ జాబితాగా రాయి. ఆ తర్వాత వాటిని బయటి డిస్కులోకి కాపీ చెయ్యి.' మనిషికి నెల పట్టే పనిని కొన్ని నిమిషాల్లోనో, ఫైళ్లు మరీ ఎక్కువైతే కొన్ని గంటల్లోనో చేసేస్తుంది. విసుక్కోదు, మధ్యలో టీకి లేవదు. చిక్కల్లా ఒకటే. చీటీలో ఏం రాస్తే అదే చేస్తుంది. రాసినవాళ్ల ఉద్దేశం దానికి తెలీదు.

ఏ భాషలో రాయాలి?

ఈ చీటీలు రాసే భాషలకి కొదవ లేదు. లారీ వాల్ 1987లో పెర్ల్ తెచ్చాడు. గైడో వాన్ రోసమ్ 1991లో పైథాన్‌ని బయటపెట్టాడు. ఇప్పుడు సీబీఎస్ఈలో పదకొండు, పన్నెండు తరగతుల కంప్యూటర్ సైన్స్ పిల్లలు నేర్చుకునేది ఈ పైథానే. ఇంట్లో అలాంటి పిల్లలుంటే పని సగం అయిపోయినట్టే. విండోస్ వాడేవాళ్లకి ఇంకో సులువుంది. 2006లో మైక్రోసాఫ్ట్ విడుదల చేసిన పవర్‌షెల్, విండోస్ 7 నుంచి కంప్యూటర్‌తో పాటే వస్తోంది. స్టార్ట్ మెనూలో ఆ పేరు కొడితే నీలం రంగులోనో నలుపు రంగులోనో కిటికీ తెరుచుకుంటుంది. 2000లలో చాలామంది వాడిన వీబీస్క్రిప్టుని మాత్రం పక్కనపెట్టడమే మేలు. దాన్ని క్రమంగా తొలగిస్తామని మైక్రోసాఫ్ట్ 2023లో ప్రకటించింది. ఆ కాలంలో ఎవరో రాసిచ్చిన స్క్రిప్టు ఆఫీసులో ఇంకా నడుస్తుంటే కొత్తది రాయించుకోవడం మంచిది.

పవర్‌షెల్‌లో ఆదేశాల పేర్లు దాదాపు మాటల్లాగే ఉంటాయి. 'గెట్-చైల్డ్‌ఐటమ్' అంటే ఫోల్డర్‌లో ఉన్నవన్నీ చూపించమని. దానికి 'రికర్స్' తగిలిస్తే లోపలి ఫోల్డర్లు, వాటి లోపలివి కూడా తిరిగొస్తుంది. 'వేర్-ఆబ్జెక్ట్' జల్లెడ లాంటిది. 'లాస్ట్ రైట్ టైమ్ ఇవాళ్టికి మూడేళ్ల కిందటిదైతేనే ఉంచు' అని షరతు పెట్టొచ్చు. జల్లెడలో మిగిలినవాటిని 'ఎక్స్‌పోర్ట్-సీఎస్‌వీ'కి అప్పగిస్తే ఎక్సెల్‌లో తెరుచుకునే జాబితా వస్తుంది. ఈ ఆదేశాలన్నీ ఇంగ్లిష్ అక్షరాల్లోనే టైపు చెయ్యాలి.

ఇక్కడ తెలుగువాళ్లకి ఓ చిన్న దెబ్బ తగులుతుంది. విండోస్‌తో వచ్చే పవర్‌షెల్ 5.1లో ఈ జాబితా మామూలుగా రాయిస్తే 'అమ్మ షష్టిపూర్తి' అనే ఫోల్డర్ పేరు బదులు వరసగా ప్రశ్నార్థకాలు వస్తాయి. తెలుగు అక్షరాలు దాని మామూలు లెక్కలో లేవు మరి. ఎన్‌కోడింగ్ 'యూటీఎఫ్-8' అని విడిగా చెప్తే తెలుగు తెలుగులా వస్తుంది. స్క్రిప్టు లోపలే తెలుగు ఫోల్డర్ పేరు రాయాల్సి వస్తే నోట్‌ప్యాడ్‌లో సేవ్ చేసేటప్పుడు 'యూటీఎఫ్-8 విత్ బామ్' ఎంచుకోవాలి. లేకపోతే ఫోల్డర్ ఎదురుగా ఉన్నా 'అలాంటిదేమీ లేదు' అంటుంది.

ఇంకో సంగతి. పవర్‌షెల్ స్క్రిప్టు రాసి, దాని మీద రెండుసార్లు క్లిక్ చేస్తే అది నడవదు. నోట్‌ప్యాడ్‌లో తెరుచుకుంటుంది. అది లోపం కాదు, కావాలని పెట్టిన అడ్డు. 2000 మేలో 'ఐ లవ్ యూ' వైరస్ ఈమెయిళ్లలో ప్రేమలేఖ వేషంలో వచ్చి ప్రపంచాన్ని ఊపేసింది. అది కూడా ఓ వీబీస్క్రిప్టే. అటాచ్‌మెంట్ మీద క్లిక్ చేసిన పాపానికి కంప్యూటర్ అంతా తిరిగి ఫొటోల ఫైళ్లు వెతికి, వాటి స్థానంలో తన నకళ్లు రాసిపెట్టింది. ఫైళ్లు వెతకడం అనే విద్య మంచికీ చెడుకీ ఒకటే! అందుకే ఇళ్లలో వాడే విండోస్‌లో స్క్రిప్టులు మొదట బందీగా ఉంటాయి. వాటిని నడిపే అనుమతి యజమానే ఇవ్వాలి. ఎక్కడో దొరికిన స్క్రిప్టుకి చదవకుండా ఆ అనుమతి ఇవ్వకూడదు.

'పాత' అంటే ఎంత పాత?

అసలు చిక్కు ఆదేశాల్లో లేదు. 'పాత' అనే మాటలో ఉంది.

విండోస్‌లో ప్రతి ఫైలుకీ మూడు తేదీలుంటాయి. పుట్టిన తేదీ, చివరిసారి మార్చిన తేదీ, చివరిసారి తెరిచిన తేదీ. పుట్టిన తేదీని నమ్మడానికి లేదు. పాత కంప్యూటర్ నుంచి కొత్తదాంట్లోకి కాపీ చేస్తే కాపీ చేసిన రోజే దాని పుట్టినరోజైపోతుంది. మార్చిన తేదీ మాత్రం పాతదే ఉంటుంది. అంటే 2008లో మార్చిన ఉత్తరం 2019లో పుట్టినట్టు కనిపిస్తుంది. పిల్లాడు పుట్టకముందే బారసాల! ఇక తెరిచిన తేదీ సంగతి. డిస్కుకి పని తగ్గించడానికి విండోస్ విస్టా నుంచి దాన్ని రాయడం మామూలుగా ఆపేశారు. తర్వాతి విండోస్‌లలో ఒక్కో కంప్యూటర్లో ఒక్కోలా ఉంటుంది. కాబట్టి 'అయిదేళ్లుగా ఎవరూ తెరవలేదు' అని కంప్యూటర్ చెప్తే తలూపకూడదు. మూడింటిలో కాస్త నిలకడైనది మార్చిన తేదీయే.

అదీ ఒక్కోసారి ముంచుతుంది. పాత డిజిటల్ కెమెరాల్లో బ్యాటరీ పూర్తిగా అయిపోతే గడియారం మొదటికొచ్చేది. మళ్లీ తేదీ పెట్టుకునే ఓపిక ఎవరికుంటుంది? నిన్న తీసిన నిశ్చితార్థం ఫొటోలు కొన్నేళ్ల కిందటివని నమోదవుతాయి. కొన్ని ఫైళ్ల మీదైతే 1970 జనవరి 1, ఉదయం 5.30 అని ఉంటుంది. ఆ రోజు ఎవరూ అంత పొద్దున్నే లేచి ఫైలు తయారుచెయ్యలేదు. యూనిక్స్ తరహా యంత్రాలు కాలాన్ని 1970 జనవరి 1 అర్ధరాత్రి నుంచి, గ్రీనిచ్ లెక్కన, సెకన్లలో లెక్కపెడతాయి. తేదీ తెలియని ఫైలుకి సున్నా పడుతుంది. మన గడియారం అయిదున్నర గంటలు ముందు కాబట్టి మన దగ్గర అది 5.30 అవుతుంది. విండోస్ లెక్క ఇంకా వింత, 1601 జనవరి 1 నుంచి మొదలవుతుంది. ఎవరికి పుట్టిన కాలెండరైతేనేం, 'అన్నింటికంటే పాతవి తెమ్మని' స్క్రిప్టుని పంపితే మొదట దొరికేవి ఇలా తేదీ తప్పినవే. వాటిలో నిన్నటివీ ఉండొచ్చు.

ఫొటోలకి ఇంకో ఆధారముంది. కెమెరా, ఫోను తీసిన ఫొటో లోపలే తేదీ, సమయం రాసి ఉంటుంది. స్క్రిప్టు దాన్ని చదవగలదు. అయితే వాట్సాప్‌లో వచ్చిన ఫొటోల్లో ఆ రాత చెరిగిపోతుంది. అలాంటప్పుడు ఫైలు పేరే దిక్కు. ఆండ్రాయిడ్ ఫోన్లలో వాట్సాప్ ఫొటో పేరు మధ్యలో 20190115 అని ఎనిమిది అంకెలు ఉంటే అది 2019 జనవరి 15న వచ్చిందని అర్థం. తీసిన రోజని కాదు!

తేదీలన్నీ సరిగ్గా ఉన్నాయనే అనుకుందాం. అయినా మిగిలే ప్రశ్న వేరు. ప్లస్ టూ చదివే అమ్మాయి ఉత్సాహంగా స్క్రిప్టు రాసి, 'నాన్నా, అయిదేళ్లుగా ఎవరూ ముట్టుకోని ఫైళ్లన్నీ తీసేయనా?' అని అడిగిందనుకోండి.

'మీ తాతయ్య ఫొటోలు ఎవరైనా మార్చి ఎన్నేళ్లయింది?'

'ఆయన పోయినప్పటి నుంచి ఎవరూ మార్చలేదుగా.'

'మరి?'

ముట్టుకోనిదల్లా పనికిరానిదైతే ఆ ఇంట్లో మొదట పోయేది తాతయ్యే. పోయినవాళ్ల ఫైళ్లు మారవు. అవి ఎప్పుడూ జాబితాలో పై వరసలోనే ఉంటాయి. 'పాతవి' అన్న జల్లెడలో ఇంటి చరిత్రంతా పడుతుంది. రెండేళ్లుగా రోజూ తెరిచి మూస్తున్న పనికిమాలిన ఎక్సెల్ షీటు మాత్రం హాయిగా మిగిలిపోతుంది.

క్యోటోలో ఏం జరిగింది?

పాత ఫైళ్లు వెతికే స్క్రిప్టు దారి తప్పితే ఏమవుతుందో జపాన్‌లోని క్యోటో విశ్వవిద్యాలయానికి బాగా తెలుసు. అక్కడి సూపర్ కంప్యూటర్‌లో పరిశోధకుల సమాచారాన్ని భద్రపరచడానికి ఓ స్క్రిప్టు నడిచేది. దాని పనుల్లో ఒకటి, పది రోజులు దాటిన లాగ్ ఫైళ్లని, అంటే రోజువారీ చిట్టాలని, వెతికి తీసెయ్యడం. ఎంత మామూలు పని! కంప్యూటర్‌ని సరఫరా చేసిన సంస్థవాళ్లు 2021 డిసెంబర్‌లో ఆ స్క్రిప్టుని కాస్త మెరుగుపరిచారు. చదవడానికి సులువుగా ఉండాలని లోపలి పేర్లు కొన్ని మార్చారు. మార్చిన దాన్ని పాతదాని మీద పెట్టేశారు. పాతది అప్పటికే నడుస్తోంది.

అది బాష్ అనే భాషలో రాసిన స్క్రిప్టు. బాష్ చీటీని మొత్తం ఒకేసారి చదువుకోదు. ఒక్కో వరస చదువుతూ పని చేసుకుంటూ పోతుంది. సగంలో చీటీ మారితే మిగతా సగం కొత్తదాంట్లోంచి చదివేస్తుంది. పెళ్లి మంత్రాలు చదువుతున్న పంతులుగారి చేతిలో పుస్తకం మార్చేస్తే సగం పెళ్లి, సగం తద్దినం అయినట్టు! చిట్టాలున్న ఫోల్డర్ పేరు పాత చీటీలో ఒక పేరుతో ఉంది, కొత్త చీటీలో ఇంకో పేరుతో ఉంది. తీరా తీసేసే వరస దగ్గరికొచ్చేసరికి ఆ స్థానం ఖాళీ. ఎక్కడ తీసెయ్యాలో చెప్పే మాట లేకపోయినా తీసేసే మాట ఉంది. అది చిట్టాలని వదిలేసి పరిశోధకుల ఫైళ్ల మీద పడింది.

డిసెంబర్ 14 సాయంత్రం మొదలై 16 మధ్యాహ్నం దాకా అది తన పని తాను చేసుకుపోయింది. పోయినవి సుమారు 3 కోట్ల 40 లక్షల ఫైళ్లు, 77 టెరాబైట్లు. నష్టపోయిన పరిశోధన బృందాలు 14. వాటిలో నాలుగు బృందాల సమాచారం బ్యాకప్ నుంచి కూడా వెనక్కి రాలేదు. తప్పు పూర్తిగా తమదేనని సరఫరా సంస్థ లిఖితపూర్వకంగా ఒప్పుకుంది. ఫైళ్లు తిరిగి రావడానికి ఆ కాగితం సరిపోలేదు.

ఇక్కడ గమనించాల్సిన విషయం ఒకటుంది. ఆ స్క్రిప్టు రాసినవాళ్లు అనాడీలు కారు. ఇంట్లో తొలిసారి పవర్‌షెల్ తెరిచినవాళ్ల కంటే వెయ్యి రెట్లు తెలిసినవాళ్లు. అయినా జరిగింది. ఎందుకంటే వెతికే పని, తీసేసే పని ఒకే చీటీలో ఉన్నాయి.

తీసేసే వరస లేకుండా...

కాబట్టి ఇంట్లో వాడుకునే స్క్రిప్టుకి ఒకే ఒక్క కట్టుబాటు పెడితే చాలు. అందులో 'డిలీట్' అనే పని ఉండకూడదు. వెతకాలి, రాయాలి, కాపీ చెయ్యాలి, సరిచూడాలి. అంతే. 'కాపీ' బదులు 'మూవ్' కూడా వాడకూడదు. 'మూవ్' అంటే కాపీ చేసి వెంటనే పాతది తీసెయ్యడమే. మధ్యలో కరెంటు పోతే సంగతి ఏమిటన్నది మన ఊళ్లలో ఎవరికీ చెప్పక్కర్లేదు.

కాపీలోనూ ఓ గుంట ఉంది. జల్లెడలో తేలిన ఫైళ్లన్నింటినీ ఒకే ఫోల్డర్‌లో కుమ్మరించమని 'కాపీ-ఐటమ్'కి చెప్తే అలాగే చేస్తుంది. అయితే కెమెరాలు ఫొటోలకి పెట్టేవి నాలుగంకెల నంబర్లు. 9999 దాటాక మళ్లీ 0001 నుంచి మొదలు. అన్నప్రాశన ఫొటో ఒకటి, అక్షరాభ్యాసం ఫొటో ఒకటి రెండింటి పేరూ అదే కావచ్చు. రెండోది వచ్చి మొదటిదాని మీద కూర్చుంటుంది. 'ఇప్పటికే ఉందే, ఏం చెయ్యమంటారు' అని అడగను కూడా అడగదు. ఏ ఫోల్డర్‌లోది ఆ ఫోల్డర్‌లోనే ఉండేలా కాపీ చేయించాలి. విండోస్‌లోనే ఉన్న 'రోబోకాపీ' ఈ పని చక్కగా చేస్తుంది. దానికి 'మిన్ఏజ్ 1095' అని చెప్తే 1095 రోజులు, అంటే మూడేళ్ల కంటే పాతవే తీసుకుంటుంది. 'ఎల్' అనే అక్షరం తగిలిస్తే నిజంగా కాపీ చెయ్యకుండా ఏవేవి చేస్తుందో చదివి వినిపిస్తుంది. మొదటిసారి తప్పకుండా ఆ 'ఎల్'తోనే నడపాలి. దీంట్లోనే 'మిర్' అనే ఇంకో మాట ఉంది. అది అవతలి డిస్కులో అదనంగా కనిపించినవన్నీ తుడిచేస్తుంది. దాని జోలికి వెళ్లకపోవడమే క్షేమం.

పైథాన్‌లో రాసే పిల్లలకి ఒక మాట. అందులో 'కాపీ' అని ఒకటి, 'కాపీ2' అని ఒకటి ఉంటాయి. మొదటిది ఫైలు లోపలి సరుకుని తెస్తుంది కానీ తేదీని తేదు. దాంతో కాపీ చేస్తే ఇరవై ఏళ్ల ఫొటోలన్నీ ఇవాళ్టివైపోతాయి. రెండోది మార్చిన తేదీని కూడా వెంట తెస్తుంది. ఒక్క అంకె తేడా!

కాపీ అయ్యాక సరిచూడటం ఎలా? వేల ఫొటోలు తెరిచి చూడలేం కదా. 'గెట్-ఫైల్‌హ్యాష్' అనే ఆదేశం ఫైలు మొత్తం చదివి 64 అక్షరాల వరస ఒకటి ఇస్తుంది. అది ఆ ఫైలుకి వేలిముద్ర లాంటిది. ఫొటోలో ఒక్క చుక్క మారినా వేలిముద్ర మొత్తం మారిపోతుంది. ఇక్కడి ఫైలుదీ, డిస్కులోని కాపీదీ ఒకటే అయితే కాపీ నిఖార్సైనదని అర్థం. సి.పి.బ్రౌన్ పందొమ్మిదో శతాబ్దంలో తెలుగు కావ్యాలకి నకళ్లు రాయించి, పండితులతో ఒక ప్రతిని ఇంకో ప్రతితో పోల్చి చూయించేవాడు. ఆ పోల్చే పనికి జీతాలిచ్చి మనుషుల్ని పెట్టుకున్నాడు. ఇప్పుడది ఒక వరస ఆదేశం. అదే వేలిముద్రతో ఒకే ఫొటో ఎన్ని ఫోల్డర్లలో ఉందో కూడా తేలుతుంది. కాకపోతే వాట్సాప్‌లో పంపిన కాపీ ఇందులో దొరకదు. అది కుదించిన ఫొటో, కంప్యూటర్ దృష్టిలో వేరే ఫైలు. అసలుది ఉంచుకోవాలి, సైజులో పెద్దదే సాధారణంగా అసలుది.

చాలామంది పాతవన్నీ జిప్ చేసి పెడితే జాగా కలిసొస్తుందనుకుంటారు. ఉత్తరాలు, లెక్కల పుస్తకాలు, డీటీపీ ఫైళ్లకైతే నిజమే. ఫొటోలు, వీడియోలు మాత్రం పుట్టుకతోనే కుదించి ఉంటాయి. వాటిని జిప్‌లో పెట్టినా తగ్గేది స్వల్పం. పైగా జిప్ ఒక్కటి పాడైతే అందులోని వందలు ఒకేసారి ఇరుక్కుంటాయి. ఫొటోల్ని ఉన్నవి ఉన్నట్టు వదిలెయ్యడమే నయం. పవర్‌షెల్‌లోని 'కంప్రెస్-ఆర్కైవ్'కి ఒక్కో ఫైలు 2 జీబీ దాటితే మింగుడుపడదు. దాచిపెట్టిన ఫైళ్లని అది పట్టించుకోదు కూడా.

కొత్త కంప్యూటర్లలో 'డాక్యుమెంట్స్', 'డెస్క్‌టాప్' ఫోల్డర్లు చాలావరకు వన్‌డ్రైవ్‌తో ముడిపడి ఉంటాయి. ఫైలు కనిపిస్తుంది కానీ డిస్కులో ఉండకపోవచ్చు. నెట్‌లో ఉన్నదాని నీడ అది. స్క్రిప్టు దాన్ని చదవబోతే అప్పుడు డౌన్‌లోడ్ అవుతుంది, డేటా ప్యాక్ కాస్తా హారతి కర్పూరం. ఇక్కడ తీసేస్తే అక్కడ కూడా పోతుంది. 'నెట్‌లో ఉందిలే' అన్న ధీమా ఆ ఫోల్డర్ల విషయంలో పనిచెయ్యదు.

తెరుచుకుంటేనే కదా!

డీటీపీవాళ్ల దగ్గరికి మళ్లీ వస్తే, వాళ్ల ఫైళ్లని వెతకడానికి తేదీ, పేరు తప్ప ఆధారం లేదు. పేజ్‌మేకర్‌లో అను వంటి పాత ఫాంట్లతో కొట్టిన తెలుగు, కంప్యూటర్‌కి తెలుగు కాదు. లోపల ఉన్నవి వేరే అక్షరాల సంకేతాలు, ఫాంటు వాటికి తెలుగు వేషం వేస్తుందంతే. 'శుభలేఖ' అనే మాట ఉన్న ఫైళ్లు తెమ్మంటే స్క్రిప్టు ఖాళీ చేతులతో తిరిగొస్తుంది. యూనికోడ్‌లో కొట్టిన తెలుగైతే దొరుకుతుంది. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7 వచ్చింది 2001లో. దాన్ని నడిపే పాత కంప్యూటర్ షాపులో ఇంకా బతికి ఉన్నప్పుడే ఒక పని చేసుకోవాలి. ముఖ్యమైన పుస్తకాల ఫైళ్ల జాబితా స్క్రిప్టుతో తీయించి, ఒక్కోదాన్నీ తెరిచి ఫాంటుతో సహా పీడీఎఫ్‌గా మార్చి అసలు ఫైలు పక్కనే పెట్టాలి. ఏ పుస్తకానికి ఏ ఫాంటు వాడారో ఓ కాగితం మీద రాయాలి. ఈ పనిని మాత్రం మనిషే చెయ్యాలి, కొన్నాళ్లు పడుతుంది కూడా. రెండో ముద్రణ కోసం వచ్చే కొడుకుకి కావాల్సింది ఫైలు కాదు, తెరుచుకునే ఫైలు.

ఒక్క డిస్కు చాలదన్నది కూడా ఇక్కడే చెప్పుకోవాలి. 'టాయ్ స్టోరీ 2' సినిమా తయారవుతున్న రోజుల్లో, 1998లో, పిక్సార్‌లో ఎవరో ఇచ్చిన ఆదేశంతో సినిమా ఫైళ్లలో అత్యధిక భాగం చెరిగిపోయాయి. బ్యాకప్ ఉంది కదా అని తీయబోతే అది సరిగ్గా పనిచెయ్యడం లేదని అప్పుడు తెలిసింది. చంటిబిడ్డ ఉందని ఇంటి నుంచి పనిచేస్తున్న గాలిన్ సుస్మన్ కంప్యూటర్‌లో ఓ కాపీ ఉండబట్టి సినిమా ఒడ్డున పడింది. అందుకే తెలిసినవాళ్లు మూడు కాపీలంటారు. వాటిలో ఒకటి వేరే ఇంట్లో. ఊళ్లో అమ్మమ్మగారింట్లో ఉంచినా సరే.

ఇక జాబితా. స్క్రిప్టు ఇచ్చిన ఎక్సెల్ షీటులో వేల వరసలుంటాయి. ఫోల్డర్ల పేర్లు మాత్రం వేరుచేసి ప్రింటు తీస్తే నాలుగైదు పేజీలకి వస్తుంది. ఆ కాగితాలు ఓ ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక అమ్మ, నాన్న, నానమ్మ చేతికిచ్చి పక్కనే పెన్సిల్ పెట్టాలి. 'విశాఖ 2' అంటే పెళ్లా, ఆపరేషనా, బదిలీయా అన్నది వాళ్లకే తెలుసు. వాళ్లు గీత పెట్టినవి మాత్రమే, అదీ కాపీలు సరిచూసి, రెండు మూడు నెలలు ఆగాక, చేత్తో తీసెయ్యాలి.

బయటి డిస్కు మీద స్కెచ్ పెన్నుతో సంవత్సరం రాసి, వేలిముద్రల జాబితాని అందులోనే వేసి, బీరువాలో పట్టుచీరల పక్కన పెట్టుకోవచ్చు. మడతల దగ్గర చిరగకుండా ఏడాదికోసారి చీరలు తీసి మడత మారుస్తారు కదా. ఆ రోజే డిస్కుని కూడా తీసి కంప్యూటర్‌కి తగిలించి, వేలిముద్రలు మళ్లీ తీయించి, పాత జాబితాతో పోల్చి చూస్తే సరి. తేడా వచ్చిన ఫైళ్లని అమ్మమ్మగారింట్లోని డిస్కు నుంచి తెచ్చుకోవాలి.